కారులో చేరు నీరు – దాని దారి కనుగొను విధము

మోటారు కారనగా మూత బిగించిన డబ్బా వంటిదనియు, దానిలోనికి నీరు వచ్చినచో ఎక్కడనో చిల్లు పడియుండుననియు పెక్కుమంది తలంతురు. ఈ తలంపు చేతనే ప్రతి వానకాలమునందును మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులలో గృహస్థులు అంగడికి పోయి సిలికాను జిగురు తెచ్చి అద్దముల చుట్టును తలుపుల చుట్టును పూయుదురు. మరునాటి వానకు కాళ్ల క్రింది తివాచీ మరల తడిసియుండుట చూచి చింతింతురు. నిజమేమనగా, కారు నీరు చొరని పెట్టె కాదు. కొంత నీరు లోనికి వచ్చునని ముందే యెరిగి, ఆ వచ్చిన నీరు మనుష్యులు కూర్చుండు చోటికి చేరక పక్కదారిని బయటికి పోవునట్లు దానిని నిర్మించినారు. కనుక తడిసిన కారును చూచినపుడు మొదట నడుగవలసిన ప్రశ్న “నీరెట్లు వచ్చినది?” అనునది కాదు, “పోవలసిన నీరు ఏల పోలేదు?” అనునది.

ఈ మాట మన పేటలవారికి క్రొత్తది కాదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, కట్టబడిన హుసేన్ సాగరునుండి పొర్లిన నీరు నాలాగా బయలుదేరి అశోక్‌నగర్, దోమలగూడల ప్రక్కగా పోయి, నల్లకుంట, గోల్నాకల మీదుగా మూసీనదిని చేరుచున్నది. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన బేగంపేట కేంద్రమున ఒక్క దినమునందే 24 సెంటీమీటర్ల వాన నమోదైనపుడు, ఈ నాలా ఆ నీటిని పట్టజాలక పల్లపు వీధులను ముంచెత్తినది. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరమునకు మరల అట్టి ఉపద్రవమే వచ్చినది. ఆ యిండ్లలోనికి నీరు వచ్చుట గోడలలోని లోపము వలన కాదు. నీరు పోవు దారి చాలకపోవుట వలన. కారు సంగతియు చాలమట్టుకు ఇట్టిదే.

నీటి పరిమాణమును గూర్చి చిన్న లెక్క వేయుదము. పై తరగతుల విద్యార్థులు తామే సరిచూచుకొనవచ్చును. ఒక చదరపు మీటరు చోటిపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో అది 10 లీటర్ల నీరగును. సామాన్యమైన చిన్న కారు పొడవు 3.7 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు అనుకొన్నచో, అది ఆక్రమించు చోటు సుమారు 6 చదరపు మీటర్లు. ఒక గంటలో 5 సెంటీమీటర్ల వాన పడినయెడల ఆ కారుపై పడు నీరు 300 లీటర్లు, అనగా ఇంటికి తెచ్చుకొను 20 లీటర్ల మంచినీటి క్యానులు 15. ఆ 2000వ సంవత్సరపు ఆగస్టు దినమున బేగంపేటలో ఆరుబయట నిలిపియున్న ప్రతి కారుపైనను 1,400 లీటర్లకు మించిన నీరు పడినదన్నమాట. ఇందులో నూటికి ఒక్క పాలు దారితప్పినను చాలును, సీటు క్రింద మడుగు కట్టును.

ఇంత నీటిని కారు ఎట్లు బయటికి పంపుచున్నదో తెలిసికొనుటకు తలుపును పరిశీలించుట మంచిది. తలుపు అద్దము పైకిని క్రిందికిని జరుగవలయును గదా! జరుగు వస్తువు చుట్టును నీరు చొరకుండ పూర్తిగా బిగించుట సాధ్యము కాదు. అద్దమునకు ఆనుకొనియున్న రబ్బరు పట్టీ నీటిని కొంత తుడిచివేయునే గాని అంతయు ఆపజాలదు. మిగిలినది తలుపు కడుపులోనికి జారి, అడుగుననున్న రెండు మూడు సన్నని రంధ్రముల గుండ నేలపై బడును. తలుపు కడుపునకును, మనకు కనబడు లోపలి అట్టకును నడుమ ఒక ప్లాస్టిక్ తెర నల్లని బంక జిగురుతో అంటింపబడి యుండును. ఆ తెరయే మనలను కాపాడునది. అడుగు రంధ్రములు బురదతో పూడినచో తలుపులో నీరు నిలిచి, కదలించినపుడు కుండలోని నీటివలె చప్పుడు చేయును. తెర చినిగినను, జిగురు ఊడినను, ఆ నీరు లోపలి అట్ట క్రిందుగా తివాచీలోనికి దిగును. పాటల స్పీకరు మార్పించినపుడో, అద్దము నెత్తు మర బాగుచేయించినపుడో ఈ తెరను తొలగింపక తప్పదు. తొందరపాటుగల పనివాడు దానిని తిరిగి సరిగా అంటింపడు. కాబట్టి కారు తడియుచున్నదని యెవరైన చెప్పినచో “ఈ నడుమ తలుపు విప్పించితిరా?” అని యడుగుట బుద్ధిమంతుని లక్షణము.

ఇక కారు ముందు అద్దము క్రింద, బానెట్టునకు వెనుక, వైపరులు నాటియున్న చోట జాలీవంటి నల్లని పలక యొకటి కలదు. దాని క్రింద అడ్డముగా ఒక తొట్టి యుండును. ముందు అద్దముపై బడిన నీరంతయు అందులోనికే జారి, రెండు చివరల నున్న గొట్టముల గుండ చక్రముల వెనుకగా పోవును. లోపలికి స్వచ్ఛమైన గాలిని తీసికొను ద్వారము కూడ ఆ తొట్టిలోనే, నీటిమట్టమునకు కొంచెము ఎత్తున ఉండును. మన నగరములో కార్లను చెట్లనీడన నిలుపుట పరిపాటి. ఎండాకాలములో అట్లు చేయని వారెవరు? చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు వచ్చువారు గాని, త్యాగరాయ గానసభకు వచ్చువారు గాని చెట్టు దొరకినచో ఎండలో నిలుపరు. వేపాకు, గుల్‌మొహరు చెట్టు చిన్ని యాకులు, కానుగపూలు ఆ జాలీసందులలో దూరి తొట్టిలో చేరి, దుమ్ముతో కలిసి ముద్దయై గొట్టములను మూసివేయును. పెద్ద యాకులు పైననే నిలుచును గనుక కంటికి కనబడును. హాని చేయునవి చిన్నవి. వేసవి యంతయు ఇది పోగుపడుచుండును. జూన్ మాసమున తొలివాన పడగనే తొట్టి నిండి, గాలి ద్వారము గుండ నీరు లోపల ముందు సీటువారి పాదములపై బడును. యజమాని అద్దమునకు జిగురు పూయించును! ఆ పలక నెత్తి గుప్పెడు ఆకులు తీసివేసినచో చాలునని యెవరును చెప్పరు. నా యభిప్రాయములో మన పేటలలోని కార్ల తడి సగమునకు పైగా ఈ ఆకులవలననే, లేదా ఇప్పుడు చెప్పబోవు ఏసీ గొట్టము వలననే కలుగుచున్నది.

చల్లని నీటిగ్లాసు వెలుపల చెమ్మ పట్టుట మీరందరు చూచియుందురు. గాలిలోని ఆవిరి చల్లని తలమును తాకి నీరగుటయే అందుకు కారణము. కారు ఏసీలోని చల్లని జల్లెడవంటి భాగముపై సరిగా ఇదే జరుగును. గాలిలో తేమ హెచ్చుగానున్న ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఆ నీరు ధారగా కారును. అది ఒక చిన్న గొట్టము గుండ కారు క్రిందికి పోవలయును. ఏసీ వేసి నిలిపిన కారు క్రింద చిన్న నీటిమడుగు కనబడుట రోగలక్షణము కాదు, ఆరోగ్యలక్షణము. గొట్టములో దుమ్ము గాని, పురుగుల గూడు గాని అడ్డుపడినచో ఆ నీరు వెనుకకు తన్ని లోపలికి వచ్చును. మన దేశపు కార్లలో స్టీరింగు కుడివైపున నుండును గనుక ఆ యంత్రభాగము సాధారణముగ ఎడమవైపున అమర్పబడును; అందుచేత తడి మొదట ముందరి యెడమ సీటు క్రింద కనబడును. వాన చుక్కైన లేని మే మాసములో తివాచీ తడిసినచో వేరే పరిశోధన అక్కరలేదు. ఏసీని ఇరువది నిమిషములు నడిపి కారు క్రింద చూడుడు. నేల పొడిగా నున్నచో గొట్టము మూసుకొన్నదని అనుమానింపవలయును. మెత్తని నైలాను తీగను క్రిందినుండి మెల్లగా పంపి శుభ్రము చేయవచ్చును. బలమైన గాలియంత్రముతో ఊదుట మంచిది కాదు. లోపలి కీలు ఊడినచో పని పదిరెట్లగును.

మూడవ రకపు నీరు ఇంకొకటి కలదు. అది మొదటి రెంటికంటెను ప్రమాదకరము. ఇంజనును చల్లార్చు ద్రవము కొంత, డ్యాష్‌బోర్డు లోపలి హీటరులోనికి కూడ పోయి వచ్చుచుండును. అది కారినచో తడి జిడ్డుగా నుండును, తియ్యని వాసన వేయును, ముందు అద్దము లోపలివైపున పొర కట్టును. అది విషము, వాసన తీపియని చిన్నపిల్లలు గాని పెంపుడు కుక్కలు గాని నాలుకకు తగిలింపకుండ జాగ్రత్తపడవలయును. అట్టి కారును నడుపక వెంటనే మెకానిక్కునకు చూపవలయును. ద్రవము తరిగినకొలది ఇంజను కాగిపోవును.

కాబట్టి వెదకుటకు ముందు ఆ నీరు వాననీరా, ఏసీ నీరా, ఇంజను ద్రవమా అని నిర్ణయించుకొనుట మొదటి మెట్టు. తెల్లని కాగితపు రుమాలుతో అద్ది చూచినచో రంగును జిడ్డును తెలియును. ఏ దినమున తడిసినది, ఆ దినమున వాన కురిసినదా, ఏసీ వేసితిమా, కారు ఎగుడు వీధిలో నిలిచినదా పల్లములో నిలిచినదా అని ఒక వారము వ్రాసియుంచుకొన్నయెడల సగము రహస్యము బయటపడును.

వాననీరని తేలినచో దాని త్రోవ పట్టవలయును. ఇక్కడ ఒక సంగతి మరువరాదు: నీరు కనబడిన చోటు వేరు, ప్రవేశించిన చోటు వేరు. కప్పుమీది సందులో దూరిన చుక్క లోపలి తీగలవెంట ప్రాకి, స్తంభము వెంబడి దిగి, వెనుక సీటు క్రింద తేలవచ్చును. కనుక మొదట తివాచీ నెత్తి, లోపలంతయు ఆరబెట్టి, పొడిగా తుడువవలయును. తడిసిన చోట తడి జాడ కనబడదు. పిమ్మట ఇద్దరు మనుష్యులు కావలయును. ఒకరు టార్చిలైటు పట్టుకొని లోపల కూర్చుండవలయును. రెండవవారు హోసుపైపుతో బయట నీరు పోయవలయును. నీరు చిమ్మరాదు; వానవలె మెల్లగా జారవిడువవలయును. కార్లు కడుగు చోట్ల వాడు బలమైన ధార మంచి రబ్బరు పట్టీ క్రిందికి కూడ దూరును గనుక దానివలన ఏమియు తేలదు. మొదట క్రిందిభాగమును తడిపి, అయిదు నిమిషములు వేచియుండి, తరువాత కొంచెము పైకి పోవలయును. పైనుండి మొదలిడినచో నీరంతయు క్రిందికి జారి అన్ని చోట్లను ఒక్కసారి తడుపును. ఏది దోషియో చెప్పలేము. వైపరుల తొట్టి, ముందు అద్దము అంచు, తలుపు, కప్పు, వెనుక దీపములు, డిక్కీ పట్టీ – ఇట్లు ఒక్కొక్క భాగమును విడిగా పరీక్షింపవలయును. ఈ పనిలో ఓపిక లేనివాడు నీటిని వృథాచేయుట తప్ప మరేమియు చేయడు. నీటి యెద్దడి గల వేసవిలో బకెట్టు, మగ్గు చాలును.

తలుపు పట్టీలను పరీక్షించుటకు నీరే అక్కరలేదు. ఒక కాగితపు ముక్కను పట్టీపై నుంచి తలుపు మూసి, కాగితమును లాగి చూడుడు. బిగువుగా వచ్చినచో పట్టీ బాగున్నది. జారి వచ్చినచో అక్కడ పట్టు లేదు. తలుపు చుట్టును అంగుళము అంగుళముగా ఇట్లు చూడవచ్చును. పట్టీపై సుద్దపొడి రాచి తలుపు మూసి తెరచినను, పొడి అంటని చోటు సందున్న చోటని తెలియును. భౌతికశాస్త్రము చదువువారికి ఇంపగు పరీక్ష ఇంకొకటి కలదు. అద్దములన్నియు మూసి, బయటిగాలి లోనికి వచ్చునట్లు ఫ్యానును పూర్తి వేగముతో నడిపినచో కారులోపలి పీడనము స్వల్పముగా పెరుగును. అప్పుడు బయట అద్దపు అంచులకును పట్టీలకును సబ్బునీరు పూసినచో, సందున్న చోట బుడగలు లేచును. సైకిలు ట్యూబు చిల్లును బకెట్టులో వెదకుటయు ఈ సూత్రముననుసరించియే. కాని వెనుక బంపరు చాటున, లోపలి గాలి బయటికి పోవుటకు కవాటములుండును. అక్కడ గాలి వచ్చుట దోషము కాదు.

ముందు అద్దము సంగతి కొంచెము వేరు. అంబాసిడరు వంటి పాత కార్లలో అద్దము లావుపాటి రబ్బరు చట్రములో కూర్చబడి యుండెడిది. రబ్బరు ఎండకు గట్టిపడి పగిలినచో మార్చుకొనెడివారు. నేటి కార్లలో అద్దము పాలియురిథేను జిగురుతో ఉక్కు చట్రమునకు అంటింపబడుచున్నది. అది కారు దేహమునకు బలము నిచ్చు భాగము కూడ. పగిలిన యద్దమును మార్చినపుడు పాత జిగురును సరిగా గీకక, తుప్పుపై క్రొత్త జిగురు వేసినచో నీరు దూరును. దీనిపై సిలికాను పూయుట నాకు బొత్తిగా ఇష్టము లేదు. అది కొంతకాలము నీటి నాపినట్లే యుండి, లోలోపల తుప్పు పెరుగనిచ్చును. పిమ్మట సరియైన జిగురు వేయించిన ఆ సిలికాను పొరపై అంటదు. అద్దము తీసి తిరిగి అంటించుట ఇంటిలో చేయుపని కాదు.

సన్‌రూఫ్ గల కార్లు ఇప్పుడు మన వీధులలో విస్తారము. ఆ కప్పు కిటికీ చుట్టును చిన్న కాలువయు, సాధారణముగ నాలుగు మూలల నాలుగు గొట్టములును ఉండును. ఆ గొట్టములు స్తంభముల లోపలనుండి క్రిందికి దిగును. పైన చెంచాడు నీరు పోసి, అది చక్రముల దాపున క్రింద పడుచున్నదో లేదో చూచినచో చాలును. వీనిని సంవత్సరమునకొకసారి, వానలకు ముందు, చూచుకొనవలయును. ఇక ఆంటెన్నా మొదలు, వెనుక దీపముల రబ్బరు, నేలయందలి రబ్బరు బిరడాలు – వీనిని మార్చుటకు ఖర్చు స్వల్పము, వెదకుటయే కష్టము. డిక్కీలో స్పేరు చక్రముండు గుంట నీటితో నిండినచో మొదట దీపములను చూడుడు.

దారి కనబడి, దోషము తొలగిన పిమ్మట కూడ పని సగమే అయినది. తివాచీ క్రింద దళసరి నురగపలక యుండును; అది స్పంజివలె లీటర్లకొలది నీరు పీల్చి దాచుకొనును. పైన చేయిపెట్టినచో పొడిగా తోచును, క్రింద మాత్రము తడి నిలిచియుండును. అద్దములు మూసి ఎండలో నిలిపినచో ఆరునని కొందరు తలతురు. ఆరదు, ఆవిరి లేచి మరల లోపలనే చల్లబడును. రెండు దినములలో బూజు మొదలిడును, ఉబ్బసముగల పిల్లలకు ఆ గాలి మిక్కిలి చెరుపు. సీట్లు విప్పించి, తివాచీని నురగపలకతో సహా బయటికి తీసి, ఫ్యానుగాలికిని నీడయెండకును ఆరబెట్టుట తప్ప వేరు మార్గము లేదు. అయితే ఇక్కడ ఇంటివారు ఒక హద్దు పాటింపవలయును. సీట్ల క్రింద పసుపుపచ్చని తొడుగుగల తీగలుండును. అవి ప్రమాదసమయమున ఉబ్బి ప్రాణము కాపాడు గాలిసంచులకు సంబంధించినవి. వానిని పనితెలిసినవాడు, బ్యాటరీ తీగను విడదీసి కొంతసేపు వేచిన పిమ్మట మాత్రమే తాకవలయును. ఆ సంచులను నడుపు పెట్టె సాధారణముగ రెండు ముందు సీట్ల నడుమ నేలకు దగ్గరగానే ఉండును. తివాచీ తడి చిన్న అసౌకర్యమని ఉపేక్షింపరాదని చెప్పుటకు ఇంతకంటె కారణమేమి కావలయును?

వరదనీటిలో మునిగిన కారు విషయము ఇంకను కఠినము. నాలా పొంగినపుడు సెల్లారులో నిలిచిన కార్లలోనికి నీరు సందులగుండ కాక అన్నివైపులనుండి వచ్చును. నీరు తీసిన వెంటనే “నడుచునా, లేదా?” అని తాళము త్రిప్పుట చాలమంది చేయు పని. దానివంటి పొరపాటు లేదు. గాలి కుదించుకొనును గాని నీరు కుదించుకొనదు. ఇంజను గదిలో నీరుండగా లోపలి ముషలకము పైకి లేచినచో, నీరు లొంగదు గనుక ఉక్కు కడ్డీయే వంగును. అప్పటివరకు ఎండబెట్టి బాగుచేసికొనదగిన యంత్రము ఆ ఒక్క క్షణములో పాడగును. నీటిలో తాళము త్రిప్పుటవలన కలిగిన ఇంజను నష్టమును సామాన్య భీమా పత్రములు పెక్కు ఒప్పుకొనవు. దానికి వేరుగా ఇంజను రక్షణ చేర్చుకొనియుండవలయును. కనుక బ్యాటరీ తీగ విడదీయించి, ఫొటోలు తీసి, భీమా కంపెనీకి తెలిపి, కారును లారీపై ఎక్కించి పంపవలయును.

అట్లు మునిగిన కార్లలో కొన్ని కడిగింపబడి, సువాసన చల్లబడి, పాత కార్ల బజారునకు వచ్చుచుండును. మీ యింటివారు పాత కారు కొనబోవునపుడు మీరు వెంట పోయి మూడు నాలుగు చోట్లు చూడుడు. సీటు బెల్టును చివరివరకు లాగుడు. కడిగినవాడు అంతవరకు లాగియుండడు గనుక బురద చార అక్కడ నిలిచియుండును. సీట్లు జరుగు ఇనుప పట్టాలపై తుప్పు, స్పేరు చక్రపు గుంటలో ఒండ్రుమన్ను, దీపముల లోపల నీటి గీత – వీనిలో ఏది కనబడినను ధర యడుగక తిరిగి వచ్చుట మేలు. ఏసీ వేసి, అద్దములు మూసి, అయిదు నిమిషములు లోపల కూర్చుండి వాసన చూడుడు. అమ్మువాడు తొందరపెట్టినను లేవకుడు.